అలారం మోగితే నువ్వేం చేస్తావ్?

మా కంట్రోల్ రూమ్‌లో నా డెస్క్ మీద ఉన్న కీబోర్డులో ఒక్క కీ మీద మాత్రం అక్షరాలు పూర్తిగా అరిగిపోయాయి. మిగతావన్నీ కొత్తవాటిలాగే ఉన్నాయి. ట్రైనింగ్‌కి వచ్చిన కుర్రాడొకడు మొదటిరోజే అది చూసి "అన్నా, ఇదేం కీ? మీద ఏమీ లేదే" అన్నాడు. "హార్న్ ఆపే కీ" అన్నాను. అసలు దాని పేరు అక్నాలెడ్జ్. అలారం వచ్చింది, చూశాను అని సిస్టమ్‌కి చెప్పడానికి దాన్ని పెట్టారు. మేం దాన్ని నొక్కడాన్ని "అక్ కొట్టడం" అంటాం. పద్నాలుగేళ్లుగా బోర్డు మీద, అంటే కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌గా, కూర్చుంటున్నాను, అయినా నా నోటినుంచి వచ్చిన జవాబు అది, హార్న్ ఆపే కీ అని. అందులో తప్పేముందో ఆరోజు నాకు తట్టను కూడా లేదు.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. ప్లాంటులో ఎక్కడ చూసినా ట్రాన్స్‌మిటర్లే, అంటే కొలిచి పంపే పరికరాలు. ప్రెషర్, టెంపరేచర్, లెవెల్, ఫ్లో, ఏదైనా సరే చాలావరకు 4 నుంచి 20 మిల్లీయాంపియర్ల కరెంటుగా మారి కంట్రోల్ రూమ్‌కి చేరుతుంది. సున్నా నుంచి మొదలుపెట్టకుండా 4 నుంచి ఎందుకంటే, వైరు తెగినా సున్నానే వస్తుంది కాబట్టి. ట్యాంకు ఖాళీ అయిందా, వైరు తెగిందా అన్న తేడా తెలియాలి కదా. ఆ రీడింగులు చూసుకుని వాల్వులు ఎంత తెరవాలో, ఎంత మూయాలో డీసీఎస్సే, అంటే ప్లాంటుని నడిపే కంప్యూటర్ సిస్టమే, తేల్చుకుంటుంది. అన్నీ బాగున్న రోజున నేను ముట్టుకోవలసింది చాలా తక్కువ. వ్యవహారం దాని చెయ్యి దాటిపోయినప్పుడు అందుకోవడానికే నన్నక్కడ కూర్చోబెట్టారు, దాటబోతోందని నాకు చెప్పడానికి అలారం పెట్టారు. కాగితం మీద అయితే అంతే.

ఒక నైట్ షిఫ్ట్‌లో పెద్ద కంప్రెసర్ ట్రిప్పయింది, అంటే దానంతటదే ఆగిపోయింది. దానికి లూబ్ ఆయిల్ పంపులు రెండు. ఒకటి నడుస్తుంటే రెండోది ఆటోలో కాచుకుని ఉండాలి. ఆయిల్ ప్రెషర్ కొంచెం దిగగానే అలారం వస్తుంది, ఆ వెంటనే రెండో పంపు దానంతటదే స్టార్ట్ కావాలి, అప్పటికీ దిగుతూనే ఉంటే బేరింగులు పోకుండా మెషీనే ఆగిపోతుంది. ఆ రాత్రి నడుస్తున్న పంపు సక్షన్ స్ట్రెయినర్‌లో, అంటే ఆయిల్ లోపలికి వచ్చే దారిలోని జల్లెడలో, చెత్త పేరుకుని ప్రెషర్ మెల్లమెల్లగా దిగింది, రెండో పంపు మాత్రం కదల్లేదు. పగలు ఎవరో దాని మీద పని చేసి, సెలెక్టర్‌ని మాన్యువల్‌లోనే వదిలేసి వెళ్లిపోయారు. ఆ సంగతి స్క్రీన్ మీద రాత్రంతా కనబడుతూనే ఉంది, పంపు బొమ్మ పక్కన గోరంత 'ఎమ్' అక్షరంగా. అలాంటి అక్షరాలు ఆ ఒక్క పేజీలోనే ముప్పై దాకా ఉంటాయి.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు, మెషీన్‌కీ ఏమీ కాలేదు, ప్రొడక్షన్ మాత్రం పోయింది. మర్నాడు విచారణ. అలారం వచ్చిందా అని అడిగారు. రాలేదన్నాను. తప్పించుకోవడానికి చెప్పిన మాట కాదది, రాలేదనే నా గట్టి నమ్మకం, ఒట్టేసి చెప్పమన్నా చెప్పేవాణ్ణి. ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు ఏమీ అనకుండా ఈవెంట్ జర్నల్ ప్రింటు తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. 3 గంటల 12 నిమిషాల 40 సెకన్లు, లూబ్ ఆయిల్ ప్రెషర్ 'లో', అంటే తక్కువ. 3 గంటల 12 నిమిషాల 42 సెకన్లు, అక్నాలెడ్జ్ అయింది, పక్కనే నా లాగిన్. 3 గంటల 17 నిమిషాలకు ట్రిప్. అంటే నా దగ్గర నాలుగు నిమిషాల పైనే టైముంది. ఒక్క క్లిక్కుతో రెండో పంపు స్టార్ట్ చేసుకుని ఉండొచ్చు. "నిద్రపోతున్నావా?" అని అడిగాడు పెద్ద సారు. నిద్రపోయేవాడు రెండు సెకన్లలో అక్ ఎలా కొడతాడు సార్ అనాలనిపించింది, అనలేదు. మెలకువగానే ఉన్నాను, కొట్టింది నా వేలే, మెదడుకి మాత్రం కబురు అందలేదు.

రెండ్రోజులు సిగ్గుతో గడిచాయి, తర్వాత కోపం వచ్చింది. మరుసటి షిఫ్ట్‌లో పాత లాగ్ షీటు ఒకటి వెనక్కి తిప్పి, అలారం వచ్చినప్పుడల్లా ఒక గీత పెట్టడం మొదలుపెట్టాను. నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి, అలా అయిదేసి. గీత పూర్తయ్యేలోపే ఇంకోటి మోగుతోంది. గంట తిరిగేసరికి పేజీ నిండిపోయి, విసుగొచ్చి పెన్ను పక్కన పడేశాను. వాటిలో పెద్ద వాటా ఒక్క ట్యాంకుదే. లెవెల్ 84 శాతం దగ్గర ఉంచమని కంట్రోలర్‌కి చెప్పి, హై అలారం 85 దగ్గర పెట్టారు. నీళ్లు కాస్త ఊగితే చాలు 85 దాటుతుంది, మోగుతుంది. మళ్లీ 84.9 కి రాగానే పోతుంది, మళ్లీ ఊగుతుంది. ఏళ్ల తరబడి అంతే, ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా.

సరిగ్గా ఆ సమయంలోనే మేనేజ్‌మెంట్ అలారం రేషనలైజేషన్, అంటే ఒక్కో అలారం అసలు కావాలా అని తేల్చే పని, చేయిద్దామని నిర్ణయించింది. ఆపరేటర్ల తరఫున కూర్చోవడానికి ఎవరైనా కావాలన్నారు, ఆ ట్రిప్ పుణ్యమా అని నా పేరు రాశారు. ఒకరకంగా పనిష్‌మెంట్ అనుకోండి. వారానికి రెండు రోజులు, ఒక గది, ఒక ప్రొజెక్టర్, వేల వరుసలున్న ఎక్సెల్ షీటు. ప్రాసెస్ ఇంజనీరు, ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లు, సేఫ్టీ నుంచి ఒకాయన, నేను, ఇంకా ఫీల్డ్‌లో, అంటే బయట మెషీన్ల దగ్గర, జుట్టు నెరిసిన మా బాబాయ్ ఒకాయన. సొంత బాబాయ్ కాదులెండి, ప్లాంటులో అందరికీ ఆయన బాబాయే. బయటినుంచి వచ్చిన కన్సల్టెంట్ ఒకాయన దీన్ని నడిపించేవాడు. ఏడెనిమిది నెలలు పట్టింది.

ఒక్కో అలారం తీసుకుని ఆయన అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే. ఇది ఎందుకొస్తుంది, వచ్చాక ఎవరూ ఏమీ చేయకపోతే ఏమవుతుంది, చేయడానికి ఎంత టైముంటుంది, నువ్వేం చేస్తావ్. చివరిది నాకు. మొదటిరోజు ఒక ఫిల్టర్ అలారం వచ్చింది తెర మీదికి.

"ఇది మోగితే ఏం చేస్తావ్?"

"అక్ కొడతాను సార్."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "తర్వాత?"

"తర్వాతేముంది సార్. కాసేపటికి అదే పోతుంది."

ఆపరేటర్ చేయవలసిన పని ఏదీ లేకపోతే అది అలారమే కాదు, ఆ సమాచారం కావాలంటే ట్రెండ్ గ్రాఫులో ఉంటుంది, రిపోర్టులో ఉంటుంది, హార్న్ మోగక్కర్లేదు అన్నాడాయన. విన్నప్పుడు ఇంత చిన్న విషయమా అనిపించింది. ఆ ఒక్క ప్రశ్నతో మా లిస్టులో సగానికి పైగా ఎగిరిపోతాయని అప్పుడు ఊహించలేదు.

ఇన్ని ఎలా పోగయ్యాయో బాబాయ్ చెప్పాడు. ఆయన చేరిన కొత్తలో గోడంత ప్యానెల్ ఉండేదట, అందులో చిన్నచిన్న అద్దాల కిటికీలు, ఒక్కో కిటికీ వెనక ఒక బల్బు, దాని మీద చెక్కిన పేరు. కొత్త అలారం కావాలంటే కిటికీ ఖాళీ ఉండాలి, ఫీల్డ్ నుంచి వైరు లాగాలి, ఎవరో ఖర్చుకి సంతకం పెట్టాలి. అందుకని పెట్టేముందు పోట్లాడుకునేవాళ్లు. కంప్యూటర్ కంట్రోల్ వచ్చాక ఆ పోట్లాట పోయింది. హనీవెల్ టీడీసీ 2000, యోకొగావా సెంటమ్ అనే మొదటి డీసీఎస్‌లు రెండూ 1975లో వచ్చాయి, అక్కడినుంచి అలారం పెట్టడమంటే ఒక గడిలో అంకె వేయడమే. ఒకే ట్రాన్స్‌మిటర్‌కి హై, హై హై, లో, లో లో, మార్పు వేగానికి ఒకటి, సెట్ పాయింట్, అంటే ఉండమన్న అంకె, నుంచి పక్కకు పోతే ఒకటి, సిగ్నల్ చెడితే ఒకటి. ఫ్రీగా వస్తున్నాయి కదా అని ప్రాజెక్టు వాళ్లు అన్నీ పెట్టేసి వెళ్లారు. ఫ్రీ వాళ్లకి, ఆ తర్వాత కూర్చున్నది మేం.

కన్సల్టెంట్ ఒకరోజు బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీ పేలుడు గురించి చెప్పాడు. 1994 జులై 24. పేలుడికి ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్లకు వచ్చిన అలారాలు 275. అంటే సగటున రెండున్నర సెకన్లకొకటి. నా రెండు సెకన్లు గుర్తొచ్చాయి, తల దించుకున్నాను. అక్కడ ఒక కంట్రోల్ వాల్వు మూసుకుపోయి ఉంటే సిస్టమ్ మాత్రం తెరిచే ఉందని చూపించిందట. మనిషి తట్టుకోగలిగేది ఎంత అన్నదానికి 1999లో మొదట వచ్చిన ఈఈఎమ్‌యూఏ 191 అనే అలారం సిస్టమ్‌ల గైడు ఒక కొలత పెట్టింది, మామూలుగా నడుస్తున్నప్పుడు సగటున పది నిమిషాలకు ఒకటి మించకూడదని. పది నిమిషాల్లో పది దాటితే దాన్ని ఫ్లడ్ అంటారు, వరదే. మేం ఏళ్లుగా ఆ వరదలో కూర్చుని దాన్నే డ్యూటీ అనుకుంటున్నాం.

కొన్ని తేలిగ్గా తెమిలాయి. ఊగే ట్యాంకుకి డెడ్‌బ్యాండ్ పెట్టారు, అంటే 85 దగ్గర మోగితే 83 కి దిగేదాకా అది పోయినట్టు లెక్క కాదు, అంతే, నెలకి వేల మోతలు ఆగిపోయాయి. ఆగి ఉన్న పంపుకి డిశ్చార్జ్ ప్రెషర్ లేదని ఏళ్లుగా వెలుగుతూనే ఉన్నవి కొన్ని, పంపు ఆగి ఉంటే ఆ అలారం రావద్దని లాజిక్ రాశారు. ఇంత చిన్న పనికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందని అడగకండి, నేనూ అడగలేదు.

అసలు గొడవ తీసేయడంలో వచ్చింది. ప్రతి డిపార్ట్‌మెంటుకీ తన అలారం ప్రాణం. ఏం చేయాలో చెప్పమంటే చెప్పలేరు, తీసేద్దామంటే ఒప్పుకోరు. ఒకరోజు వాదన ముదిరి ఒకాయన పైకే అనేశాడు: "తీసేశాక ఏదైనా జరిగితే? ఉంటే కనీసం మేం అలారం ఇచ్చాం, ఆపరేటరే చూసుకోలేదు అని చెప్పుకోవచ్చు." గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకైతే ఆ మాటతో పద్నాలుగేళ్లు ఒక్కసారిగా అర్థమైనట్టయింది. ఇవన్నీ నన్ను హెచ్చరించడానికి పెట్టినవి కావు, బాధ్యతని నాకు అప్పజెప్పడానికి పెట్టినవి. రిజిస్టర్డ్ పోస్టు వస్తే సంతకం పెట్టి తీసుకుంటామే, అక్ అంటే ఆ సంతకం. కవరు విప్పి చదివే టైము ఉందా లేదా అన్నది వాళ్లకి అక్కర్లేదు, సంతకం పడిందా, ఎన్ని సెకన్లకి పడింది, అది జర్నల్‌లో ఉంటే చాలు. ఆయన్నేం తప్పుపట్టను, ఆయన భయం ఆయనది. కానీ అప్పటినుంచి ఆ గదిలో నేను నోరు విప్పడం మొదలుపెట్టాను.

ఎప్పుడూ తీసేయడమే కాదు. ఒక సంప్ (నీళ్లు చేరే గుంట) లెవెల్ అలారం, తక్కువ ప్రయారిటీది, పనికిరానిదని అందరం కొట్టేయబోతుంటే బాబాయ్ చెయ్యెత్తాడు. "అదుండనీండి. కూలింగ్ వాటర్ పోయినప్పుడల్లా ముందు అదే వచ్చింది. ఆ తర్వాత అరగంట మీ చేతిలో ఉంటుంది." ట్రెండ్‌లు వెనక్కి తిప్పి చూస్తే నిజమే. ప్రాసెస్ ఇంజనీరు దాని ప్రయారిటీ పెంచాడు. ఇంతకాలం వందల చప్పుళ్ల మధ్య అదీ ఒకటిగా మోగి పోయేది.

స్క్రీన్లు కూడా చూశారు. అక్కడ ఒక వాల్వు బొమ్మ దగ్గర బాబాయ్ ఆపాడు. "ఇది అబద్ధం చెప్తుంది" అన్నాడు. చూస్తే, మేం మూయమని కమాండ్ ఇవ్వగానే బొమ్మ రంగు మారుతోంది, వాల్వు నిజంగా మూసుకుందో లేదో చెప్పే లిమిట్ స్విచ్‌తో దానికి సంబంధమే లేదు. నాకు తెలియదు. ఆయనకి ఎప్పట్నుంచో తెలుసు, అందుకే నేను వాకీటాకీలో "వాల్వు క్లోజ్" అన్నా ఆయన వెళ్లి పైపు మీద ఇనప రాడ్డు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని విని, అప్పుడుగానీ సరే అనేవాడు కాదు. నేనేమో ఈయనకి చాదస్తం అనుకునేవాణ్ణి. అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో 1979 మార్చి 28న జరిగిందీ ఇలాంటిదేనని కన్సల్టెంట్ చెప్పాడు. ప్యానెల్ మీద లైటు వాల్వుకి వెళ్లిన సిగ్నల్‌నే చూపించింది, వాల్వు మాత్రం తెరుచుకునే ఉండిపోయింది. ముప్పై ఏళ్లు దాటాక కూడా అదే తప్పు మా స్క్రీన్ మీద మళ్లీ గీసి పెట్టారంటే ఏమనాలి. ఈ విషయం నేనూ బాబాయ్‌ని ఎప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కంట్రోల్ రూమ్‌కీ ఫీల్డ్‌కీ మధ్య ఉన్నది వాకీటాకీ ఒక్కటే, అందులో ఇలాంటి మాటలు ఎవరు మాట్లాడతారు.

దీని మధ్యలోనే ఫీల్డ్ వాళ్లకి హ్యాండ్‌హెల్డ్‌లు ఇచ్చారు. కాగితం లాగ్ షీటు బదులు, ప్రతి పంపు దగ్గరికి వెళ్లి అక్కడ అంటించిన బార్‌కోడ్ స్కాన్ చేసి రీడింగ్ ఎక్కించాలి. వెళ్లకుండా రాయడం కుదరదని ధీమా. నెల తిరక్కుండా ఒకడి లాకర్ తలుపు లోపల వైపు బార్‌కోడ్‌ల జిరాక్సులన్నీ వరుసగా అంటించి దొరికాయి. తిట్టారు, మెమో ఇచ్చారు. వాణ్ణి తర్వాత విడిగా అడిగితే, "నేనెక్కించిన రీడింగు ఇంతవరకు ఒక్కరైనా తెరిచి చూశారేమో కనుక్కో అన్నా" అన్నాడు. చేసింది తప్పే. కానీ కనుక్కున్నాను, చూడలేదు.

కొత్త స్క్రీన్లు వచ్చిన రోజు మా షిఫ్ట్ మొత్తం తిరగబడింది. పాతవి నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, తిరిగే పంపులు, మెరిసే మంటలు, చూడ్డానికి జాతరలా ఉండేవి. కొత్తవి మొత్తం బూడిద రంగు. నడుస్తున్నది లేత, ఆగినది ముదురు, అంతే. టీవీ పాడైనట్టుంది అన్నాడొకడు. కళ్లు పోతాయి, నిద్రొస్తుంది అని రాతపూర్వకంగా ఫిర్యాదు కూడా పెట్టాం, అందులో మొదటి సంతకం నాది. మూడు వారాల తర్వాత ఒకరోజు తలుపు తీసుకుని లోపలికొస్తుంటేనే అంత దూరం నుంచి ఒక మూల పసుపు చుక్క కనబడింది. డెస్క్ దాకా రాకముందే అది ఏ పంపో తెలిసిపోయింది. ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు, మొహమాటం, ఊరికే దాని గురించి మాట్లాడటం మానేశాం.

అలారాలు తగ్గిన మొదటి నైట్ షిఫ్ట్ మాత్రం మర్చిపోలేను. నలభై నిమిషాలు ఏమీ మోగలేదు. హార్న్ వైరు ఎవరైనా పీకారేమోనని లేచి వెళ్లి టెస్ట్ బటన్ నొక్కాను, మోగింది. అయినా టెన్షన్ తగ్గలేదు, పదినిమిషాలకోసారి అన్ని పేజీలూ తిప్పి చూశాను. పాత గోల ఉన్నప్పుడు ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ చూడలేదు. అదీ నెలరోజులే. తర్వాత ఆ నిశ్శబ్దానికీ అలవాటుపడ్డాం, ఇప్పుడు రాత్రి మూడు గంటలకి అసలైన నిద్ర ముంచుకొస్తుంది. లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే సైకాలజిస్టు 1983లోనే రాసిందట, సులువైన పనులన్నీ మెషీన్‌కిచ్చి, మెషీన్‌కి చేతకాని కష్టమైనవి మాత్రం మనిషికి వదిలేస్తాం, రోజూ చేయనిపని ఆ ఒక్కరోజు చేయమంటాం అని. మా కొత్త కుర్రాళ్లని చూస్తే అదే. ఏ లూపూ (ఒక రీడింగు చూసి ఒక వాల్వుని నడిపే ఏర్పాటు) మాన్యువల్‌లో నడిపి ఎరగరు. ఒకసారి లెవెల్ ట్రాన్స్‌మిటర్ చెడిపోతే, మావాడు మాన్యువల్‌లో వాల్వు పది శాతం తెరిచి, లెవెల్ కదలడానికి పట్టే టైము ఆగలేక ఇంకో పది, ఇంకో పది తెరిచాడు. ట్యాంకు పొంగకుండా బాబాయ్ లెవెల్ కంటికి కనబడే గేజ్ గ్లాస్ దగ్గర నిలబడి అంకెలు అరుస్తూ ఉంటే దారిలో పెట్టాం. ఇప్పుడు ప్లాంటు నిలకడగా ఉన్నరోజు, ఇన్‌చార్జి పర్మిషన్‌తో, ప్రమాదం లేని లూపొకటి అరగంట మాన్యువల్‌లో పెట్టి వాళ్లచేత నడిపిస్తున్నాం. ఇది ఏ పాలసీలోనూ లేదు.

మొన్నామధ్య లూబ్ ఆయిల్ ప్రెషర్ 'లో' అలారం మళ్లీ వచ్చింది, అదే కంప్రెసర్‌ది. ఈసారి స్క్రీన్ మీద అదొక్కటే ఉంది. దాని మీద క్లిక్ చేస్తే పక్కన చిన్న పెట్టె తెరుచుకుంది: రెండో పంపు ఆటోలో ఉందో లేదో చూడు, స్టార్ట్ కాకపోతే నువ్వే స్టార్ట్ చెయ్, నాలుగు నిమిషాలుంది, ఫీల్డ్ మనిషిని స్ట్రెయినర్ దగ్గరికి పంపు. మీటింగులో నేను చెప్పినవే, కన్సల్టెంట్ మాట కూడా మార్చకుండా టైప్ చేశాడు. రెండో పంపు అప్పటికే స్టార్టయి ఉంది. చూసుకున్నాను, ఫీల్డ్‌కి చెప్పాను, అప్పుడు అక్ కొట్టాను. దానికి ఎన్ని సెకన్లు పట్టిందో జర్నల్‌లో చూసుకున్నాను కూడా, ముప్పై ఒకటి.

అన్నీ బాగుపడ్డాయని మాత్రం అనుకోకండి. ఒక అలారం మిగిలింది, అదే ఆయన డిపార్ట్‌మెంటుది, కనీసం చెప్పుకోవచ్చు అన్నాయన. "నువ్వేం చేస్తావ్" గడి దగ్గర "గమనించాలి" అని రాయించి మరీ ఉంచుకున్నాడు. వారానికి రెండు మూడుసార్లు మోగుతుంది. దాన్ని నేనిప్పటికీ చదవకుండానే కొడతాను. వచ్చే నెల రివ్యూ ఉంది, మళ్లీ అడుగుతాను.